బూరెకు ఇల్లు వెతుకుతూ దివిసీమ దాకా

2006 జనవరి 27, శుక్రవారం. మచిలీపట్నం నుంచి.

బయల్దేరినవారు: నేను, నా భార్య సుభద్ర, ఆమె తమ్ముడు కోటేశ్వరరావు (కారు తనది, నడిపేది తను, కాబట్టి తన పేరు మొదట రాయాలని అతని వాదన), బూరె.

బూరె ఆడకుక్క. ఆ జాతిని గోల్డెన్ రిట్రీవర్ అంటారు. మా ఆవిడకు ఆ పేరు నోరు తిరగలేదు. నూనెలోంచి అప్పుడే తీసిన పూర్ణం బూరె రంగులో ఉంది కనుక బూరె అంది. అంతకు ముందు దాని పేరు స్వీటీ. రెంటికీ పలకదు. అన్నం గిన్నె చప్పుడుకు మాత్రం నాలుగిళ్ళ అవతలి నుంచి పలుకుతుంది.

దాన్ని ఒక రైసుమిల్లు ఆసామి హైదరాబాదులో కొని తెచ్చాడు. వరసగా ఈతలు ఈనించి పిల్లల్ని అమ్ముకున్నాడు. ఆఖరి ఈత తరవాత గర్భసంచి చెడి, చావుకు దగ్గరైతే పశువుల డాక్టరమ్మ దగ్గర దించి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆపరేషన్ చేసి బతికించి కబురు పెడితే, "ఇంక పిల్లలు పెట్టదుగా, మిల్లు దగ్గర కట్టేయిస్తాను, ఎప్పుడన్నా పంపండి" అన్నాడట. నేను రోజూ పొద్దున నడకకు ఆవిడ గేటు ముందు నుంచే వెళ్తాను. రోజూ ఒకే వేళకు కనబడేవాడు నమ్మదగినవాడని ఆవిడ పొరబడింది. "కుట్లు మానేదాకా మీ ఇంట్లో ఉంచండి సార్. ఈలోపు పెంచుకునేవాళ్ళని చూస్తాను" అంది. అది దీపావళి ముందు మాట.

కుట్లు మానాయి. పెంచుకునేవాళ్ళు దొరకలేదు. చలికాలం వచ్చింది. సుభద్రకు ఉబ్బసం, బూరెకు బొచ్చు. ఆ బొచ్చు మా ఇంట్లో దుప్పట్లలో, దేవుడి గదిలో, ఒకసారి చారులో కూడా కనబడింది. ఛాతీ డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "ఆ ఇంట్లో ఆ కుక్కన్నా ఉండాలి, మీరన్నా ఉండాలి" అన్నాడు. సుభద్ర, "మా ఆయన్ని కూడా కలిపి చెప్పండి డాక్టరుగారూ. ముగ్గుర్లో ఎవరో ఒకరు పోతే సరిపోతుందా?" అని అడిగింది. సరిపోదన్నాడు.

అందుకని ఈ ప్రయాణం. డాక్టరమ్మ చివరికి రెండు చిరునామాలు సంపాదించింది: ఒకటి గుడివాడలో, ఒకటి నాగాయలంక దగ్గర. రెండూ కుదరకపోతే సోమవారం నాడు మిల్లుకు పంపాలి. నేను ఒక షరతు పెట్టాను. ఏ ఇంట్లో అప్పగిస్తే ఆ ఇంట్లో మేం ఒక నిద్ర చేయాలి. ఆడపిల్లను ఇచ్చిన ఇంట్లో చేసినట్టే. పగలు చూస్తే అన్ని ఇళ్ళూ మంచివే. తెల్లవారుజామున కాఫీకి ముందు ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారో వింటేనే అసలు సంగతి తెలుస్తుంది.

"బావా, మా అక్కని ఇచ్చినప్పుడు మా నాన్న మీ ఇంట్లో నిద్ర చెయ్యలేదు. చేసుంటే నీ గురక విని పొద్దున్నే వెనక్కి తీసుకెళ్ళేవాడు" అన్నాడు కోటేశ్వరరావు, కారు స్టార్టు చేస్తూ.

సుభద్ర ముక్కుకు తువ్వాలు కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక సీటు బూరెది. మిగిలిన చోటు నాది.

గుడ్లవల్లేరు

ఇక్కడ టీకి ఆగాం. ఇంజనీరింగు కాలేజీ వచ్చాక ఈ ఊళ్ళో టీ కొట్లన్నిటికీ కుర్చీలు వచ్చాయి. టీ మూడు రూపాయలు. మా బందరులో ఆ డబ్బుకు గ్లాసు ఇంకాస్త నిండుతుంది.

కొట్టు ముసలాయన బూరెను ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "ఇదేం జాతండీ?" అని అడిగాడు. చెప్పాను. "కాపలా కాస్తదా?" కాయదు. "వేటకెళ్తదా?" వెళ్ళదు. "మరి ఏం చేస్తదండీ?" మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "పడుకుంటుంది" అన్నాను. ముసలాయన లోపలున్న కొడుకు వైపు చూసి, "మనోడి లాంటిదేనే" అన్నాడు భార్యతో.

కాలేజీ పిల్లలు మూగారు. సెల్‌ఫోనుతో ఫొటో తీసేవాడొకడు, పక్కన నిలబడేవాళ్ళు పదిమంది. "అంకుల్, ఎంతకిస్తారు?" అన్నాడొక కుర్రాడు. "కుక్క ఊరికేనయ్యా. మా బావని కొంటే కూడా ఇచ్చేస్తాం" అన్నాడు కోటేశ్వరరావు. ఆ కుర్రాడు నా వైపు చూశాడు. బేరం సాగలేదు.

గుడివాడ

శ్రీమన్నారాయణ గారికి బాత్రూం టైల్సు, కుళాయిల వ్యాపారం. కొత్త మేడ. గేటు నుంచి మెట్ల దాకా కొట్లో ఎన్ని రకాల రాళ్ళున్నాయో అన్నీ పరిచారు. నడుస్తుంటే ధరల పట్టిక మీద నడిచినట్టుంది. బందరులో ఇంటికొచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళిస్తాం. గుడివాడలో ముందు కారు చూస్తారు, తరవాత మంచినీళ్ళిస్తారు. కోటేశ్వరరావు కారు చూశాక నీళ్ళు కాస్త ఆలస్యంగా వచ్చాయి.

ఆయన భార్య విజయలక్ష్మి గారు పట్టుచీర కట్టుకుని ఉంది. పళ్ళెంలో మైసూరుపాకు, జంతికలు. పక్కింటి పెద్దావిడ కూడా వచ్చి సోఫాలో కూర్చుంది. బూరె మధ్యలో, పాలరాతి మీద. అప్పుడు నాకు అర్థమైంది, ఇవి పెళ్ళిచూపులు.

"రంగు బానే ఉంది" అంది పెద్దావిడ. "కాస్త ఒళ్ళు ఎక్కువేమో."

"ఆపరేషన్ అయ్యాక కొంచెం..." అని నేను మొదలుపెట్టేలోపు విజయలక్ష్మి గారు, "జుట్టు రాలుద్దా అండీ?" అని అడిగింది.

"చలికాలం కదండీ" అన్నాను.

"ఎండాకాలం రాలదా?"

"ఎండాకాలం ఎక్కువ రాలుతుంది" అంది సుభద్ర తువ్వాలు లోంచి. ఆవిడకు అబద్ధమాడితే దగ్గొస్తుంది.

శ్రీమన్నారాయణ గారు కుక్కను చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. "జాతి కాయితాలున్నాయా ఇంజనీరు గారూ?" అన్నారు. నేను ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి దిగాను. ఇంజనీరును కాదని ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చెప్పాను, దిగాక కూడా చెబుతున్నాను, ఎవరూ వినరు. కాయితాలు లేవన్నాను.

"పోన్లెండి. మా తోడల్లుడి దగ్గర మగది ఉంది. పెద్ద జాతిది. రెండిట్నీ కలిపితే పిల్లలు..."

"పిల్లలు పుట్టరండీ" అన్నాను. "గర్భసంచి తీసేశారు. డాక్టరమ్మ చెప్పలేదా?"

పెద్దావిడ జంతిక కొరకడం ఆపి, "అయ్యో, వయసులో ఉందే పాపం!" అంది. విజయలక్ష్మి గారు మొగుడి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సరేనండీ. ఇంటికెళ్ళి ఆలోచించుకుని కబురు చేస్తాం" అన్నారు.

ఆయన ఉన్నది వాళ్ళ ఇంట్లోనే. ఇంకే ఇంటికి వెళ్ళి ఆలోచిస్తారో అడుగుదామనుకున్నాను, మర్యాద కాదని ఊరుకున్నాను. ఈ మాట అలవాటైపోయిన నోళ్ళు మనవి. కాదనడానికి ఇంతకంటే మెత్తటి మాట తెలుగులో ఇంకా పుట్టలేదు.

కారెక్కాం. ఏలూరు రోడ్డు మలుపు దగ్గర సుభద్ర, "నన్ను చూసెళ్ళి మీ అమ్మా ఇదే అంది" అంది. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మా ఇంట్లో చెప్పుకోవలసినంత చెప్పుకున్నాం, ఇక్కడ రాయవలసింది లేదు. కానీ ఆ పూట ఆవిడ తువ్వాలు తీసేసి వెనక్కి తిరిగి బూరె చెవి నిమురుతుంటే, వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తరవాత ఆవిడ పామర్రు రోడ్డు దాకా దగ్గుతుందనీ తెలుసు.

రాత్రికి గుడివాడలోనే లాడ్జి. "కుక్కలకి రూమివ్వమండీ" అన్నాడు మేనేజరు. "మా బావకిస్తున్నారుగా" అన్నాడు కోటేశ్వరరావు. చివరికి తను కారులో బూరెకు తోడు పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే వెనక సీటు నిండా బూరె, ముందు సీట్లో స్టీరింగుకూ గేరుకూ మధ్య నా బావమరిది, ముడుచుకుని. మేనేజరు కారుకు కూడా సగం అద్దె కలిపి రాశాడు.

పామర్రు నుంచి పులిగడ్డ

శనివారం పామర్రులో ఇడ్లీ. అల్లం చట్నీ గుడివాడ దాని కంటే మేలు, తీపి వేయరు. అక్కడి నుంచి చల్లపల్లి దాకా రోడ్డుకు రెండు వైపులా వరి కోసేసిన చేలల్లో మినుము పచ్చగా లేచి ఉంది. సుభద్ర కిటికీ దించుకుంది. బూరె తల బయటికి పెట్టింది. ఎదురుగా వచ్చే బస్సుల్లో జనం దాన్ని చూసి నవ్వుతుంటే, ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ నన్ను చూసి అలా నవ్వలేదని గమనించాను.

చల్లపల్లి సెంటరులో అరటిపళ్ళ బండి దగ్గర ఆగితే బండామె బూరెకు ఊరికే ఒక పండు ఒలిచి పెట్టి, మాకు మాత్రం డజను మీద ఒక్క రూపాయి తగ్గించనంది. "నోరులేని దాని దగ్గర తీసుకుంటానా? మీకు నోరుందిగా" అంది. తర్కం గట్టిదే.

పులిగడ్డ అక్విడక్టు మీద కారు ఆపించాను. కింద నది, పైన కాలవ. నీళ్ళ మీదుగా నీళ్ళు తీసుకెళ్ళిన పని చూసినప్పుడల్లా నాకు పాత రోజుల గర్వం వస్తుంది. వివరించబోయాను. "బావా, ఈ సంగతి నా పెళ్ళిలో కూడా చెప్పావు" అని కోటేశ్వరరావు గేరు వేశాడు.

నాగాయలంక దగ్గర, చెరువు గట్టు

ఊరి పేరు రాయను. అందరూ అందరికీ తెలిసిన ఊరు. జోజిబాబు గారికి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. యాభై దాటిన భారీ మనిషి, లుంగీ మడిచి కట్టి రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. దివిసీమలో పద్ధతి వేరు. మీరెవరు అని అడిగేలోపు అన్నం తిన్నారా అని అడుగుతారు. తినలేదంటే మీరెవరో అడగడం మర్చిపోతారు.

పాకలో అరిటాకులేసి రొయ్యల వేపుడు, గోంగూర, పెరుగు పెట్టారు. కోటేశ్వరరావు తిండి చూసి, "అక్కా, ఇక్కడే ఇచ్చేద్దాం. కావాలంటే నేను కూడా ఉండిపోతా" అన్నాడు. నాకూ సంబంధం నచ్చింది. మనిషి దాపరికం లేనివాడు. పిల్లలు పుట్టరని చెబితే, "పిల్లలెందుకండీ, ఉన్న రొయ్య పిల్లలు చాలు నాకు" అని పకపకా నవ్వాడు.

భోజనాలయ్యాక చెరువులు చూపిస్తానన్నాడు. అప్పుడు బూరె నీళ్ళను చూసింది.

ఆ జాతికి నీళ్ళంటే పిచ్చి అని డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. బందరులో మా ఇంట్లో బకెట్టు తప్ప నీళ్ళు లేవు కనుక నేను పట్టించుకోలేదు. తాడు నా చేతిలోంచి జారింది. గట్టు మీంచి అది గాల్లోకి లేచిన తీరు చూస్తే ఎవరూ ఒళ్ళెక్కువ అనరు. చెరువు మధ్య దాకా ఈది, అక్కడ గుండ్రంగా తిరుగుతూ, తల మాత్రం పైకి పెట్టి, మా అందరి వంకా ఎంతో సంతోషంగా చూసింది.

"ఓరి దేవుడో! బ్లీచింగేసిన చెరువండీ!" అని జోజిబాబు గారు గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తాడు. "వైరస్ రాకూడదని గట్టు మీదికి మా ఆవిణ్ణే రానివ్వను నేను! కాళ్ళు కడుక్కోకుండా మా బావమరిదినే రానివ్వను!"

"బావమరుదుల్ని రానివ్వకపోవడం మంచి పద్ధతే" అన్నాను.

అదృష్టం బాగుండి ఆ చెరువులో ఇంకా రొయ్య పిల్ల వదల్లేదు. అన్నం గిన్నె మీద గరిటెతో కొడితే బూరె బయటికి వచ్చింది. వచ్చి అందరి మధ్యా నిలబడి విదిలించుకుంది. బ్లీచింగు వాసన మా బట్టలకు చేరింది.

జోజిబాబు గారు కోప్పడలేదు. లుంగీతో మొహం తుడుచుకుని, "పర్లేదండీ. గొలుసుంటే దూకదు" అన్నాడు. పాక వెనక్కి తీసుకెళ్ళి చోటు చూపించాడు. ఒక ఇనప గుంజ. దానికి గొలుసు. పోయినేడు దాకా అక్కడ ఒక కుక్క ఉండేదట, దొంగల్ని బాగా పట్టేదట, ముసలిదై పోయిందట. చుట్టూ గట్టంతా గడ్డి. గొలుసు ఎంత పొడవుంటే అంత మేర గుండ్రంగా, గుంజ చుట్టూ, గడ్డి లేదు. అరిగిన నున్నటి నేల.

సుభద్ర ఆ గుండ్రాన్ని చూసింది.

"రాత్రుళ్ళు విప్పుతారా అండీ?" అని అడిగింది.

"రాత్రుళ్ళేగా అమ్మా దొంగలొచ్చేది" అన్నాడాయన, ఏ దురుద్దేశమూ లేకుండా.

"కోటీ, కారు తియ్యి" అంది సుభద్ర.

జోజిబాబు గారు నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "అన్నం పెడతానండీ, కొట్టను కూడా కొట్టను" అన్నాడు నాతో. అది నిజమే. ఆయన మనసు మంచిదే. గొలుసు పొడవే చాలదు.

రూతమ్మ గారి ఇల్లు

బందరు తిరిగి వెళ్ళడానికి కోటేశ్వరరావు ఒప్పుకోలేదు. రొయ్యలు తిన్నాక నిద్ర వస్తుందట. అదే ఊళ్ళో రూతమ్మ గారుంది. సుభద్ర ఉబ్బసం మొదలైన రోజుల్లో బందరు ఆసుపత్రిలో నర్సుగా ఉండేది. రిటైరై సొంత ఊరు వచ్చేసింది. ఆమె సంగతి గుర్తొచ్చి అటు వెళ్ళాం.

పెంకుటిల్లు, ముందు వసారా. ఆమె మమ్మల్ని చూసింది, తరవాత సుభద్ర ఎగపోస్తున్న భుజాలు చూసింది, తరవాత బూరెను చూసింది.

"ఈ బొచ్చుతో బందరు నించి ఒకే కార్లో వచ్చావా? ఏం సుభద్రమ్మా, బతకాలని లేదా?"

"కిటికీ తీసే ఉంచాం రూతమ్మ గారూ."

"కిటికీ! అన్నయ్యగారూ, మీకన్నా బుద్ధుండక్కర్లా?" అని నా మీద పడింది. నాకంటే రెండేళ్ళు పెద్దది. అన్నయ్యగారూ అనడం మర్యాదకు, తిట్టడం అలవాటుకు.

సుభద్రను లోపల కూర్చోబెట్టి ఆవిరి పట్టించింది. తరవాత చీర చెంగు దోపుకుని, బోరింగు కింద బూరెను నిలబెట్టి, బ్లీచింగు పోయేదాకా సబ్బుతో రుద్దింది. ప్రేమగా కాదు; ఇత్తడి బిందె తోమినట్టు. బూరె కళ్ళు మూసుకుని నిలబడింది.

సంగతంతా విన్నాక ఆమే ముందు చెప్పేసింది. "నన్ను మాత్రం అడగొద్దు. నలభయ్యేళ్ళు పరాయివాళ్ళ మలమూత్రాలెత్తాను. ఆ తరవాత మా అత్త మంచాన పడింది. ఆ తరవాత మా ఆయన. ఇద్దర్నీ సాగనంపి ఇంటికి తాళమేసుకుని మొన్న మొదటిసారి తిరుపతమ్మ తిరణాలకెళ్ళి జీళ్ళు తిన్నాను. చర్చికెళ్ళేదానివి నీకదేంటని అడిగారు. నేను జీళ్ళ కోసమెళ్ళానని చెప్పాను. ఇంక నా చేత్తో ఏ ప్రాణికీ అన్నం కలపను. నాకు నేను కలుపుకోవడమే బద్ధకం."

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" అన్నాను. అడుగుదామనే అనుకున్నాను.

బూరెను వసారాలో కట్టి, సుభద్రకు లోపలి గదిలో మంచం వేసి, మధ్య తలుపు గడియ పెట్టింది. "పొద్దున మా చర్చిలో కోత పండుగ. ఉండి బిర్యానీ తిని వెళ్ళండి. సోమవారం దాన్ని మిల్లుకి పంపండి. మనుషులే ఎక్కడో ఒకచోట పడుంటున్నారు, కుక్కకేంటి" అంది. సుభద్ర గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఉదయం

కోత పండుగంటే ఆ ఊరి క్రైస్తవులు కొత్త పంటలో మొదటి భాగం దేవుడికి తెచ్చి ఇచ్చే రోజు. ధాన్యం, మినుములు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్ళు, బాతులు, మేకలు. ప్రార్థన అయ్యాక వాటిని చర్చి ఆవరణలోనే వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. మా గుళ్ళో ప్రసాదం లడ్డు వేలం వేసినట్టే. కాకపోతే ఇక్కడ ఇంకో ఆచారం ఉంది. పాడుకున్నవాడు ఆ వస్తువును ఇంటికి తీసుకెళ్ళకుండా మళ్ళీ దేవుడికే ఇచ్చేయవచ్చు, దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. ఆ రోజు ఒకే గుమ్మడికాయ ముగ్గురు కొన్నారు, అది మాత్రం బల్ల మీంచి కదల్లేదు.

బూరెను ఇంట్లో వదిలితే మొరుగుతుందని కాదు, ఏడుస్తుందని వెంట తెచ్చాం. చర్చి పక్క పందిరి కింద మేకలు, కోళ్ళ గంపలు వరసగా ఉన్నాయి. ఒక పెద్దాయన ఒక్కో జీవానికీ మెడలో అట్టముక్క మీద అంకె రాసి కడుతున్నాడు. ప్రార్థనకు వచ్చినవాళ్ళ పశువులు తారుమారు కాకుండా ఎంత చక్కటి ఏర్పాటు అనుకున్నాను. మా శాఖలో గొడుగులకు కూడా ఇలాంటి పద్ధతి లేదు. బూరెను మేక పక్కన కట్టాను. ఆయన దానికీ ఒక అంకె కట్టాడు.

"జాగ్రత్తగా చూడండి" అన్నాను.

"దేవుడి సొత్తండీ. మాకన్నా జాగ్రత్త ఎవరికుంటది?" అన్నాడు. ఎంత భక్తి అనుకున్నాను.

ప్రార్థన అయ్యింది. వేలం మొదలైంది. మైకు పట్టుకున్నాయన సంఘ పెద్ద దానియేలు గారు. గొంతు అవతల లంకలకు వినబడుతుంది. ధాన్యం పోయింది, కొబ్బరికాయలు పోయాయి, మేక పోయింది.

"తరవాతిది! ఎవరో బందరు నుంచి వచ్చిన భక్తులు ఇచ్చిన... ఇదేంటయ్యా, కుక్కా? సరే, మనసారా ఇచ్చారు, కాదనకూడదు. జాతి కుక్క! బంగారం రంగు! సర్కారు వారి పాట వంద!"

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, అది మాది!"

"మీది కాబట్టేగా ఇచ్చారు!" అన్నాడు దానియేలు గారు మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

"రెండొందలు!" ఇది వెనక నుంచి. తిరిగి చూస్తే జోజిబాబు గారు, తెల్లచొక్కా, తల నున్నగా దువ్వుకుని. "నిన్న మనుషులు ఇవ్వలా. ఇవ్వాళ దేవుడిస్తన్నాడు!"

పాస్టరు గారు నా మొహం చూసి సంగతి గ్రహించారు. మైకు అందుకుని, పొరపాటైతే వెనక్కి తీసుకోవచ్చని మృదువుగా చెప్పారు. నేను అటు కదలబోతే సుభద్ర నా చొక్కా పట్టుకుంది.

"ఏ దేవుడైనా దేవుడే. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే కళ్ళు పోతాయి. పాటలోనే కొనుక్కుందాం." అని చెయ్యెత్తింది. "మూడొందలు!"

"సుభద్రా, కొని ఏం చేస్తావు?"

"ఇంటికి తీసుకెళ్తా."

"ఊపిరాడదు నీకు."

"ఊపిరి నాది."

జోజిబాబు గారు నాలుగన్నాడు. సుభద్ర అయిదు. ఆయన ఆరు. పక్కవాళ్ళు ఆయన్ని ఎగదోస్తున్నారు: "వదలొద్దు మావా, చెరువు గట్టుకి పట్టెడు బంగారం!" సుభద్ర లేచి నిలబడింది. ముక్కుకు తువ్వాలు లేదు, చెంపలు ఎర్రబడ్డాయి. ఏడు. కోటేశ్వరరావు కారు తాళాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, అవసరమైతే అదీ పాటలో పెట్టేవాడిలా.

"వెయ్యి!"

ఆడగొంతు. రూతమ్మ గారు. మా పక్కనే, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, లేవకుండానే అంది.

జోజిబాబు గారు పళ్ళికిలించి, "అక్కా, నీకెందుకక్కా?" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్యరా. నీ తట్టుకి సూదేసింది నేను."

ఆయన కూర్చున్నాడు. జనం ఘొల్లుమన్నారు. పాట ఇద్దరి మధ్యకు వచ్చింది.

"మీకొద్దన్నారుగా రూతమ్మ గారూ! పదకొండొందలు!" అంది సుభద్ర.

"వద్దు కాబట్టే. నువ్వు దాన్ని తీసుకెళ్తే ఎండాకాలానికి నీకు నేను దండెయ్యాలి. పన్నెండు!"

"మీ చేత్తో ఏ ప్రాణికీ అన్నం కలపనన్నారు! పదమూడు!"

"నీకు ఆక్సిజన్ పెట్టిన చెయ్యిది! నా కష్టం వేస్టు కానిస్తానా? పదిహేను!"

దానియేలు గారి మొహం వెలిగిపోతోంది. చర్చికి కొత్త కప్పు వేసే పని మిగిలి ఉందట. "పదిహేనొందలు! ఒకటోసారి!"

సుభద్ర నోరు తెరిచింది. మాట రాలేదు. గాలి లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు. ఆ పిల్లికూత లాంటి చప్పుడు నాకు తెలుసు. ఒక చెయ్యి పైకెత్తే ఉంచి, రెండో చేత్తో సంచీలో మందు కోసం వెతుకుతోంది. చెయ్యెత్తితే చాలదు, పాట నోటితో చెప్పాలి.

"రెండోసారి!"

నేను చెప్పవచ్చు. పదహారు అని నేను అనవచ్చు. సుభద్ర నా వైపు చూసింది కూడా. నేను నోరు తెరవలేదు.

"మూడోసారి! రూతమ్మ గారికి!"

రూతమ్మ గారు ఆ చప్పట్లు పట్టించుకోలేదు. సుభద్ర సంచీ లాక్కుని, ఇన్‌హేలరు తీసి, ఊపి, నోటికి పెట్టి, "పీల్చు. ఇంకోటి. ఆపు. ఇప్పుడు వదులు" అంది. వెన్ను మీద చెయ్యి వేసి, చప్పుడు తగ్గేదాకా ఉంది. అప్పుడు లేచి పందిరి దగ్గరికి వెళ్ళింది. నేను అప్పటికే బూరె దగ్గరికి చేరి తాడు విప్పి పట్టుకున్నాను. అది గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉంది, ఈ గొడవంతా ఎవరిదో అన్నట్టు.

దానియేలు గారు ఆచారం ప్రకారం మైకులో అడిగారు. "రూతమ్మ గారూ, మళ్ళీ దేవుడికిస్తారా?"

"ఇవ్వను" అంది రూతమ్మ గారు. మెడలో అంకె తెంపి పారేసింది. "దేవుడి దగ్గర చాలా ఉన్నాయి. తాడిటివ్వండి అన్నయ్యగారూ, ఎంతసేపు పట్టుకుంటారు?"

ఇచ్చాను.